గ్రాజ్ ఆయుధాగారం, వియన్నా కవచాలు, నేను కొనబోయి ఆగిన ఛాతీ పలక

పోయిన అక్టోబర్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి మ్యూనిక్ నుంచి వియన్నాకి, అక్కడి నుంచి ఆస్ట్రియాలోనే ఉన్న గ్రాజ్‌కి వెళ్లొచ్చాను. అందరూ వియన్నా వెళ్తే షోన్‌బ్రున్ ప్యాలెస్ చూస్తారు, నేను పాత కత్తులూ కవచాలూ చూడ్డానికి వెళ్లాను. ఈ పిచ్చి చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ముందు నిలబడిపోయినప్పుడే పట్టింది, మా నాన్న లాక్కెళ్లేదాకా కదలలేదట. ఇప్పుడు జీతం వస్తోంది కాబట్టి చూడ్డమే కాదు, ఒకటైనా కొందామని ఆశ.

వియన్నాలో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అన్న ఇంట్లో దిగాను కాబట్టి హోటల్ సంగతి చెప్పలేను. మొదటి రోజే ఒక సందులో చిన్న పాత సామాన్ల కొట్టు కనపడింది, లోపల గోడకి ఇనుప ఛాతీ పలక. 1600ల నాటిదన్నాడు కొట్టాయన, 1,900 యూరోలన్నాడు. మధ్యలో చిన్న గుంట ఉంది, తుపాకీ గుండు పెట్టి పరీక్షించిన గుర్తట. అలా పరీక్షించడం నిజమే, 17వ శతాబ్దం పలకల మీద అలాంటి గుంటలు ఉంటాయి. నాకు చేతులు వణికాయి. కార్డు తీస్తుంటే అన్న చెయ్యి పట్టుకుని "ఒక్క రోజు ఆగు తమ్ముడూ, గ్రాజ్ పోయొచ్చి కొనుక్కో, ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ మాటకి ఆయనకి ఎంత పార్టీ ఇచ్చినా తక్కువే.

మధ్యాహ్నం హెల్డెన్‌ప్లాట్జ్ పక్కన నోయె బుర్గ్‌లో ఉన్న రాజుల ఆయుధశాలకి వెళ్లాను. ఆస్ట్రియాని ఏలిన హాప్స్‌బర్గ్ వంశపు చక్రవర్తులూ, ఆర్చ్‌డ్యూకులని పిలిచే ఆ ఇంటి రాకుమారులూ తొడిగిన కవచాలు చాలా ఇక్కడే ఉన్నాయి. టిరోల్ ప్రాంతాన్ని ఏలిన ఆర్చ్‌డ్యూక్ రెండవ ఫెర్డినాండ్, పేరుమోసిన వీరుల కవచాలు ఏరి ఏరి తెప్పించుకుని ఆంబ్రాస్ కోటలో పెట్టుకున్నాడు, ఆయన పోయాక 1601లో ఆ సేకరణకి బొమ్మలతో కేటలాగు కూడా అచ్చయింది. అంటే ఈ కలెక్టర్ల జబ్బు నాతో మొదలవలేదు. ఆయన కోసం 1547లో యోర్గ్ సోయ్‌సెన్‌హోఫర్ అనే కవచాల కమ్మరి చేసిన గద్ద బొమ్మల కవచం దగ్గర అరగంట ఉన్నాను. అందం చెప్పక్కర్లేదు. కానీ కొనేవాడికి ఇక్కడ దొరికే పాఠం తక్కువ. ఇవన్నీ రాజుల సరుకు, బజారులో మనలాంటి వాడికి ఎదురయ్యేది సిపాయి సరుకు.

ఆ సిపాయి సరుకు గ్రాజ్‌లో ఉంది. వియన్నా నుంచి రైల్లో రెండున్నర గంటల పైనే, సెమ్మరింగ్ కొండల మీదుగా, 1854లో పూర్తయిన లైను, కుడి ఎడమ రెండు వైపులా చూడాలనిపిస్తుంది. టికెట్ ముందే తీసుకుంటే బాగా చవక, నేను ముందు రోజు తీసి వాత పెట్టించుకున్నాను. స్టేషన్ దగ్గర ఒక పాత లాడ్జిలో 84 యూరోలకి గది, హీటర్ రాత్రంతా టకటకా కొట్టుకుంది, బ్రేక్‌ఫాస్ట్‌లో బ్రెడ్డు తప్ప చెప్పుకోదగ్గది లేదు. మళ్లీ వెళ్తే పాతపట్నంలోనే ఉంటా, పదో పరకో ఎక్కువైనా. తిండి మాత్రం పర్వాలేదు, శాకాహారులకి గుమ్మడి గింజల నూనె పోసిన పెద్ద చిక్కుడు గింజల సలాడ్ దొరుకుతుంది. నల్లటి ఆకుపచ్చ నూనె, చూస్తే భయమేస్తుంది, తింటే వదలం.

గ్రాజ్ ఆయుధాగారం, అక్కడి పేరు లాండెస్‌జోయ్‌గ్‌హౌస్, హెరెన్‌గాస్సె వీధిలోనే. 1640లలో ఒట్టోమన్ టర్కుల దాడులకి ఎదురు నిలిచే స్టైరియా (గ్రాజ్ ఉన్న ప్రాంతం) సైన్యం కోసం కట్టిన గోదాం, దాదాపు 32,000 వస్తువులు, కట్టినప్పటి చెక్క అంతస్తుల్లోనే ఉన్నాయి. 1749లో హాప్స్‌బర్గ్ మహారాణి మరియా థెరిసా దీన్ని తీసేద్దామంటే, మా పూర్వీకుల పోరాటానికి గుర్తుగా ఉండనివ్వండి అని స్టైరియా పెద్దలు అడిగి ఆపుకున్నారు. కింది అంతస్తులో తుపాకులు, పైకి వెళ్లేకొద్దీ కవచాలు, పైన కత్తులూ బల్లేలూ. మ్యూజియంలా ఉండదు, రేషన్ డిపోలో బస్తాలు పేర్చినట్టు పేర్చారు. గాజు అద్దాలు చాలా తక్కువ, అందుకే పలక అంచు, వెనక వైపు, తోలు పట్టీలు తగిలించే రివెట్లు అన్నీ కనపడతాయి. ముట్టుకోకూడదంతే. చలికాలంలో గైడు వెంట తప్ప వదలరు, కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపు వెళ్లి సొంతంగా తిరగండి.

నేను మూడు గంటలు అక్కడ ఒకే పని చేశాను, ఒకే రకం పలకలు వరసగా పెట్టి ఉన్న చోట నిలబడి తేడాలు చూడ్డం. తాతగారి ఊళ్లో కొలిమి దగ్గర నాగలి కర్రు కాలుస్తుంటే చూసినవాళ్లకి తెలుస్తుంది, సుత్తితో కొట్టిన ఇనుము ఎక్కడా ఒకేలా ఉండదు. ఇక్కడా అంతే. గుండె మీద మందం, పక్కలకి పోయేకొద్దీ పలచన. లోపలి వైపు సుత్తి దెబ్బలు అలాగే వదిలేశారు, ఎవడు చూస్తాడని. రివెట్లు ఒకటి పెద్ద, ఒకటి చిన్న. తుప్పు కూడా ఒకచోట లోతుగా తినేసి, పట్టీ కింద దాగిన చోట అసలు లేకుండా. చాలా వాటి మీద గుండ్రటి ముద్రలో ఎన్ అక్షరం ఉంటుంది, జర్మనీలోని న్యూరెంబర్గ్ ఊరి గుర్తు. అక్కడే ఉన్న ఇంకో ఊరు ఆగ్స్‌బర్గ్‌ది పైన్ కాయ. కొత్తవాళ్లం ముందు ముద్రే వెతుకుతాం, అది తప్పు, ముద్ర కొట్టడమే అన్నిటికంటే తేలిక. పస్సావు అనే ఊరి కత్తుల తోడేలు గుర్తుని సోలింగెన్ ఊరి కమ్మర్లు ఆ కాలంలోనే కాపీ కొట్టేశారు.

ఆ గుర్తులున్న యూరప్ కత్తి అలుగులు మన దక్కన్‌కీ వచ్చాయి, ఇక్కడి పిడి తొడిగితే దానికి ఫిరంగి అని పేరు. తెలుగులో ఆ మాట ఎందుకో తుపాకీ మందు పెట్టే గొట్టానికి అతుక్కుపోయింది.

తిరిగొచ్చి కొట్టుకి వెళ్లాను, జేబులో అన్న దగ్గర తీసుకున్న, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్. మధ్యలో కొలిచా, అంచున కొలిచా, ఎక్కడ పెట్టినా ఒకటే మందం, సుత్తితో కొట్టింది కాదు, మిల్లులో తీసిన రేకు. రివెట్లన్నీ కవల పిల్లలు. పట్టీ కింద కూడా పైన ఉన్నంత తుప్పే, యాసిడ్ పోసి పెంచింది. గుంటలోనూ అదే తుప్పు. కొట్టాయన మొహం మాడ్చుకుని "1600ల స్టైల్ అన్నాను" అన్నాడు. స్టైల్ అన్న మాట మొదటి రోజు వినలేదు మరి. అయినా ఇలాంటి కాపీలు కొత్తగా పుట్టినవి కావు. 19వ శతాబ్దం చివర ఎర్న్‌స్ట్ ష్మిట్ కార్ఖానా ఇళ్లలో అలంకారానికి ఎంత బాగా చేసిందంటే, తర్వాత కొన్ని అసలువిగా అమ్ముడుపోయాయి. ఆ కార్ఖానా ఎక్కడ? నేనుండే మ్యూనిక్‌లోనే! ఇంకో రకం మోసం ఇంతకంటే కష్టం, ఒకడి తల, ఒకడి చెయ్యి, ఒకడి కాలు కలిపి ఒక కవచం చేస్తారు. ముక్క ముక్కా అసలుదే, మనిషి మాత్రం ఎప్పుడూ లేడు.

చివరి రోజు వేరే కొట్టులో కొమ్ముతో చేసిన తుపాకీ మందు సీసా ఒకటి 140 యూరోలకి కొన్నాను. కొమ్ముని వేడి చేసి చదును చేశారు, దీపానికి పెట్టి చూస్తే తేనె రంగు. బిల్లు మీద 18వ శతాబ్దం చివర, లేదా 19 మొదట అని రాసి సంతకం పెట్టించుకున్నా. నోటి మాటకి ఈ వ్యాపారంలో విలువ లేదు, వస్తువు ఏమిటో, ఏ కాలానిదో బిల్లు మీద రాయనన్నవాడి దగ్గర మీరూ కొనకండి. ఇంటికొచ్చాక మా ఆవిడ చూసి, ఇందులో ఉప్పు పోసుకోవచ్చా అంది.