తెలుగు గ్రూపుల్లో "కమోడ్ గార గ్యారంటీగా పోగొడతాం" అని మెసేజ్ పెట్టే అతనితో జాగ్రత్త

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు తెలుగు గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఇతని మెసేజ్ తెలిసే ఉంటుంది. పసుపుపచ్చగా గార కట్టిన కమోడ్ ఫొటో ఒకటి, పక్కనే తెల్లగా మెరిసే ఫొటో ఒకటి, కింద "మెషీన్ క్లీనింగ్, యాసిడ్ వాడం" అని. పేరు రాయడం లేదు, ఆ ఫొటోలు చూసినవాళ్లు గుర్తుపడతారు. దయచేసి పిలవకండి. నిన్న మా ఇంట్లో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

మాది బోరు నీళ్ల ఇల్లు. కావేరి నీళ్ల పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైనా మా వీధికి ఇంకా ఆ నీళ్లు రాలేదు. తాగే నీళ్ల కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ లెక్క. మా బోరు ఆ 600 కూడా దాటింది. కమోడ్‌లో నీళ్లు నిలిచే చోట గార రాయిలా గట్టిపడింది. త్వరలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఓనరు అది చూసి అడ్వాన్సులో కోసుకుంటానన్నాడు. అందుకే ఇతనికి ఫోన్ చేశాను.

"మనవాళ్లమే అక్కా, మాదీ కర్నూలే, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దావిడ ఉన్నారు, ఘాటు వాసన వచ్చేది ఏదీ తేవద్దని అప్పుడే చెప్పాను. "అస్సలు ఉండదక్కా" అన్నాడు. రెండు బాత్రూములకి 2,400 ముందే వేయించుకున్నాడు.

అతను రాలేదు, ఇద్దరు కుర్రాళ్లని పంపాడు. మెషీన్ లేదు. ఇనప పీచు, పెయింటు గీకే బ్లేడు, లేబుల్ లేని కూల్‌డ్రింక్ సీసాలో పసుపు రంగు ద్రవం. ఏంటిదని అడిగితే "సొల్యూషన్ మేడం" అని తలుపు వేసుకున్నారు. కాసేపటికి లోపల్నుంచి దగ్గు మొదలైంది. తలుపు తీయించి చూస్తే, కమోడ్‌లో యాసిడ్ ఉండగానే దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లారు! యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికుల మీదకి వదిలిన విషవాయువు అదే. మా అత్తయ్యగారు పక్క గదిలోనే ఉన్నారు. ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయారు. ఇన్‌హేలర్ ఇచ్చి, ఆవిడని మెట్ల దాకా నడిపించి, అక్కణ్నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆవిడ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, కానీ ఇంకా దగ్గుతున్నారు.

ఆసుపత్రి నుంచే అతనికి ఫోన్ చేశాను. అతనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పేషెంటు ఉంటే బయటికి పంపాల్సింది మీరే కదక్కా, అది కూడా మేమే చెప్పాలా? గార పోయిందా లేదా?" ఫోన్లో ముందే చెప్పాను కదయ్యా అంటే "అందరూ ఏదో ఒకటి చెప్తారు" అన్నాడు. ఆవిడకి ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోయిందన్న బాధ కంటే, మన ఊరి పేరు చెప్పి నమ్మించిన మనిషి నోటి నుంచి ఆ మాట రావడం నన్ను ఎక్కువ కోసింది.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. గ్లౌజులు లేవు, మాస్కు లేదు, కళ్లు ఎర్రబడి వాళ్లూ దగ్గుతూనే ఉన్నారు. సీసాలో ఏముందో వాళ్లకీ ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక గార సగమే పోయింది. బ్లేడు గీతలతో కమోడ్ పైపూత పాడైంది, గరుకు తేలిన చోట గార ఇంకా త్వరగా పడుతుంది. గుమ్మం దగ్గర పాలరాయి తిన్నట్టు గుంటలు పడింది. గారలోనూ పాలరాయిలోనూ ఉండేది ఒకటే, కాల్షియం కార్బొనేట్, కాబట్టి దాన్ని కరిగించే యాసిడ్ దీన్నీ తినేస్తుంది. హెల్త్ ఫాసెట్ నల్లబడింది.

1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాను. మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. ఇతని వల్ల నష్టపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, కలిసి వేద్దాం.

ఎవరినైనా పిలిస్తే సీసా మీద లేబుల్ చూపించమనండి, లేకపోతే గుమ్మంలోంచే పంపేయండి. మామూలు గారకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. ఫ్లష్ ట్యాంకుకి నీళ్లొచ్చే కింద కుళాయి కట్టేసి, ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్లు మగ్గుతో తోడేయండి. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు బాగా కలిపి పోసి, అంచు కింద ఆ నీళ్లలో తడిపిన టిష్యూలు అంటించి రాత్రంతా వదిలేయండి. బుడగలు వస్తుంటే గార కరుగుతున్నట్టే. పొద్దున ప్లాస్టిక్ బ్రష్‌తో తోమండి, మందంగా ఉంటే మళ్లీ చేయాలి. నిమ్మ ఉప్పు కూడా యాసిడే, కాబట్టి పూర్తిగా కడిగేసేదాకా ఆ బాత్రూంలోకి బ్లీచింగ్ తేవద్దు.