నోట్‌గెల్డ్ మిక్స్‌డ్ ప్యాకెట్: బొమ్మలకి సూపర్, "అరుదైన యుద్ధం నోట్లు" అంటే మాత్రం నమ్మకండి (3/5)

పాత నోట్లు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపులో జర్మన్ నోట్‌గెల్డ్ (చిల్లర కరువైనప్పుడు ఊళ్ళే అచ్చేసుకున్న అత్యవసర నోట్లు) కలగాపులగం ప్యాకెట్ తీసుకున్నా. నోట్లు ఒరిజినలే, చాలావాటికి ఒక్క మడత కూడా లేదు, కానీ తిరకాసంతా ఆ మడత లేకపోవడంలోనే ఉంది. షాపోడేమో 'మొదటి ప్రపంచ యుద్ధం నాటి అరుదైన కరెన్సీ' అని రాశాడు, తీరా చూస్తే దాదాపు అన్నీ 1921, 22 నాటివే, జేబుల్లో తిరిగిన నోట్లు కావివి.

యుద్ధంలో లోహమంతా ఆయుధాలకి పోయి, ఉన్న చిల్లర జనం దాచేసుకుంటే చిన్న చిన్న ఊళ్ళ మునిసిపాలిటీలు కూడా 10, 25, 50 ఫెనిగ్‌ల (జర్మన్ మార్కుకి పైసల్లాంటివి) కాయితాలు అచ్చేసుకున్నాయి, అది నిజమైన అవసరం (అదే యుద్ధంలో వెండి కరువై మన దగ్గరా 1917లో రూపాయి నోటు, మరుసటేడు నిజాం నోట్లు వచ్చాయి). తర్వాత కలెక్టర్లు ఎగబడేసరికి ఊళ్ళకి ఆశ పుట్టింది, రంగురంగుల సెట్లు వేసి అమ్మడమే, గడువులోపు ఎవరూ తెచ్చి మార్చుకోకపోతే ఆ డబ్బు ఊరికే మిగిలినట్టు! 75 ఫెనిగ్ నోటు కనబడితే ఎక్కువగా ఆ బాపతే. 1922లో ప్రభుత్వం ఈ సెట్లు ఇక ఆపండి అంది.

బొమ్మలకి మాత్రం వంక పెట్టలేం. హామెల్న్ ఊరి నోట్ల మీద ఎలకలు, వాటి వెనకే జానపద కథలో ఊరి పిల్లల్ని కూడా తీసుకుపోయిన పిల్లనగ్రోవి వాడు. నౌంబుర్గ్ నోట్ల మీద నల్లటి నీడబొమ్మల్లో చెర్రీ పండుగ కథ, హుస్సైట్లు అనే చెక్ మత తిరుగుబాటుదారుల సైన్యం ముట్టడిస్తే పిల్లలెళ్ళి బతిమాలారట, సేనాని మెత్తబడి చెర్రీలు పెట్టి పంపాడట. కథే అనుకోండి, అయినా ఎంత బాగా గీశారో. బీలెఫెల్డ్ వాళ్ళు పట్టు మీదా వెల్వెట్ మీదా అచ్చేసిన నోట్ల మీద ఆశ పెట్టుకోకండి, అవి విడిగానే కొనాలి, రేటూ గట్టిగానే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 1923 నోటు ఒక్కటే. బొమ్మా లేదు గిమ్మా లేదు, లక్షల మార్కుల అంకె, వెనక ఖాళీ. ధరలు గంటగంటకీ మారుతుంటే రెండోవైపు అచ్చేసే తీరిక ఎవరికి? ఆ నవంబర్‌లో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చాక లక్ష కోట్ల పాత మార్కులు ఒక్క కొత్త మార్కుకి సమానం.

ప్యాకింగ్ చెత్త, జిగురు పట్టే ప్లాస్టిక్ కవర్లు, రాగానే మార్చేయండి. కొనేముందు నోటు మీద సంవత్సరం, గడువు తేదీ కనబడేలా ఫొటో అడగండి, పంపనంటే వదిలేయండి.