గుర్తు తెలియని గామా మూలాలకు లెస్టర్ స్విఫ్ట్ సర్వీసు: చోటు చెప్పడంలో దిట్ట, స్పెక్ట్రమ్ దగ్గర జాగ్రత్త

అంతరిక్షంలోని ఫెర్మి గామా కిరణాల టెలిస్కోప్ 8 ఏళ్ల డేటాతో వచ్చిన 4ఎఫ్‌జీఎల్ కేటలాగ్‌లో 5,064 గామా మూలాలున్నాయి. అందులో 1,336 ఏమిటో అప్పటికి తేలలేదు. చిక్కంతా చోటుతోనే. ఫెర్మి ఇచ్చే 95% దీర్ఘవృత్తం (మూలం లోపల ఉండే అవకాశం 95% ఉన్న జాగా) సాధారణంగా కొన్ని ఆర్క్‌నిమిషాలు ఉంటుంది. అంత జాగాలో నక్షత్రాలు, గెలాక్సీలు బోలెడు. స్విఫ్ట్ ఉపగ్రహంలోని ఎక్స్-రే టెలిస్కోప్ (ఎక్స్‌ఆర్‌టీ) ఆ జాగాను కొన్ని ఆర్క్‌సెకన్లకు కుదిస్తుంది. దాని డేటాను లెస్టర్ విశ్వవిద్యాలయంలోని స్విఫ్ట్ డేటా కేంద్రం ఆన్‌లైన్లో ఉచితంగా ప్రాసెస్ చేసి పెడుతుంది. ఈమెయిల్ రిజిస్టర్ చేసుకుంటే చాలు.

ముందే స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్-రేలొచ్చాయనే లెక్క) అడగకండి. మొదటి విడతలో ఫెర్మి కోఆర్డినేట్లిచ్చి ఇమేజ్, సోర్స్ డిటెక్షన్ మాత్రమే తీసుకోండి. ఎక్స్‌ఆర్‌టీ ఫ్రేమ్ 23.6 ఆర్క్‌నిమిషాల చదరం కాబట్టి దీర్ఘవృత్తం చాలావరకు అందులో ఇమిడిపోతుంది. దాన్ని డీఎస్9 అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ మీద గీసి, లోపల పడ్డ మూలాలను చూడండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, డిటెక్షన్ ఇచ్చిన కోఆర్డినేట్లతో రెండో విడత నడపండి. మూలం మసకగా ఉంటే సెంట్రాయిడ్ ఆప్షన్ (మూలం కేంద్రాన్ని సర్వీసే వెతికి సరిచేయడం) ఆపేయడం మంచిది. లేకపోతే అది పక్కనున్న ప్రకాశవంతమైన మూలం మీదికి జారిపోయి, మీకు అక్కర్లేనిదాని లైట్‌కర్వ్ (కాలంతో వెలుగు మారే గ్రాఫ్) చేతికొస్తుంది.

ఈ సర్వీసులో అన్నిటికన్నా విలువైనది పొజిషన్. ఉపగ్రహపు స్టార్ ట్రాకర్ల (నక్షత్రాలను చూసి దిశ తేల్చే కెమెరాల) మీదే ఆధారపడితే 3.5 ఆర్క్‌సెకన్ల సిస్టమాటిక్ లోపం తప్పదు. అదే సమయంలో స్విఫ్ట్‌లోని అతినీలలోహిత-ఆప్టికల్ టెలిస్కోప్ (యూవీఓటీ) తీసిన ఆప్టికల్ ఇమేజ్‌లోని నక్షత్రాలతో సరిచూసే ఎన్‌హాన్స్‌డ్ పొజిషన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఆప్టికల్ జోడీని (మామూలు వెలుగులో కనిపించే అదే వస్తువును) వెతకడానికి ఈ తేడా చాలా పెద్దది. 1ఎఫ్‌జీఎల్ జె2339.7−0531 సంగతే చూడండి: చంద్రా ఎక్స్-రే టెలిస్కోప్ చిత్రం చూపిన చోట 4.6 గంటలకోసారి వెలుగు మారే నక్షత్రం దొరికింది, ఆ తర్వాత 2.9 మిల్లీసెకన్లకోసారి తిరిగే పల్సర్ (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) బయటపడింది.

దీర్ఘవృత్తంలో ఎక్స్-రే మూలం ఉన్నంత మాత్రాన గామా కిరణాలు దానివే అనుకోకూడదు. 5 ఆర్క్‌నిమిషాల వ్యాసార్థమున్న వృత్తం వైశాల్యం 0.022 చదరపు డిగ్రీలు. మీరు చూసే మూలమంత ఫ్లక్స్ (మనకు చేరే వెలుగు మోతాదు) ఉన్నవి చదరపు డిగ్రీకి 10 ఉంటే, సగటున 0.2 కేవలం యాదృచ్ఛికంగా పడతాయి. ప్రకాశవంతమైన నక్షత్రపు కరోనా (బయటి వేడి పొర) కూడా ఎక్స్-రే ఇస్తుంది. దాని ఆప్టికల్ వెలుగు ఎక్స్‌ఆర్‌టీ డిటెక్టరైన సీసీడీలో దొంగ కౌంట్లు పుట్టిస్తుంది. సాఫ్ట్ (తక్కువ శక్తి) బ్యాండ్‌లోనే కనిపించి, మధ్యస్థ బ్యాండ్‌లో కనిపించని మూలాన్ని ఈ రెండు అనుమానాలతోనూ చూడాలి.

స్పెక్ట్రమ్ దగ్గర ఈ సర్వీసు మీద మా ఫిర్యాదు గట్టిదే. 4,000 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో సెకనుకు 0.003 కౌంట్ల మూలం 12 కౌంట్లిస్తుంది. ఫ్లక్స్ సుమారు 1.2×10⁻¹³ ఎర్గ్/చ.సెం.మీ./సెకను. అంత తక్కువ డేటా మీద శోషణను (దారిలోని వాయువు ఎక్స్-రేలను మింగే మోతాదును) వదులుగా పెట్టి ఫిట్ చేస్తే, శోషణ, ఫోటాన్ ఇండెక్స్ (స్పెక్ట్రమ్ వాలు) ఒకదాన్నొకటి లాక్కుపోతాయి. ఆటోమేటిక్ ఫిట్ అంకె చక్కగా అచ్చయి వస్తుంది గానీ, బ్లేజారా (మనవైపు జెట్ చిమ్మే గెలాక్సీ కేంద్రమా) పల్సరా అని తేల్చే బలం దానికి లేదు. ఫైళ్లు దించుకుని, ఎక్స్‌స్పెక్ అనే ఫిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శోషణను ఆ దిశలో మన గెలాక్సీ విలువ దగ్గర ఫ్రీజ్ చేసి, కై-స్క్వేర్ బదులు తక్కువ కౌంట్లకు సరిపడే సీ-స్టాట్ వాడండి. దానికన్నా ఎక్స్-రే, గామా ఫ్లక్స్‌ల నిష్పత్తి, ఫెర్మి స్పెక్ట్రమ్ వంపు, కాలంతో మార్పు కలిపి చూస్తే ఎక్కువ తెలుస్తుంది. వంపు ఉండి, స్థిరంగా వెలిగే మూలమైతే పల్సర్ వైపు మొగ్గాలి.

లైట్‌కర్వ్‌లో మసక మూలాలకు కౌంట్ల బిన్నింగ్ (ఇన్ని కౌంట్లకో బిందువు) వద్దు, అబ్జర్వేషన్ వారీ బిన్నింగ్ పెట్టండి.

విస్తరించిన మూలాలకు ఈ సర్వీసు పనికిరాదు. పల్సర్ విండ్ నెబ్యులా (పల్సర్ చుట్టూ పరచుకున్న వెలిగే మేఘం) అనుమానముంటే దీని ఫ్లక్స్ తప్పొస్తుంది, ఎందుకంటే లెక్కంతా బిందు మూలం కోసమే కట్టారు. గెలాక్సీ తలానికి దగ్గర్లోనైతే సాఫ్ట్ ఎక్స్-రేలు ధూళి, వాయువుల్లోనే ఇంకిపోతాయి. అక్కడ 4,000 సెకన్లలో ఏమీ కనబడకపోతే 2 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల పైన అప్పర్ లిమిట్ (ఫ్లక్స్ ఇంతకు మించదనే హద్దు) తీసుకుని, ఎక్స్ఎంఎం-న్యూటన్ లేదా చంద్రా ఎక్స్-రే టెలిస్కోప్ సమయానికి దరఖాస్తు పెట్టండి.