బాలెనో ఆర్‌ఎస్ టర్బో: నెల్లూరు ఎండల్లో పనికొచ్చిన మార్పులు, దండగ ఖర్చులు

మారుతి బాలెనో ఆర్‌ఎస్ 2017లో వచ్చింది, 2020 మొదట్లో ఆగిపోయింది. 998 సీసీ, మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్ ఇంజన్, 102 పీఎస్ శక్తి, 150 ఎన్‌ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం). ఇదే ఇంజన్ నుంచి సుజుకి యూరప్‌లో 111 పీఎస్, 170 ఎన్‌ఎం తీసింది. బండి బాగా చూసుకున్నదైతే ట్యూనింగ్ ఆ గీత దగ్గర ఆపేయడం మంచిది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) మార్చే పనే లేదు.

మన దగ్గర అసలు శత్రువు వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి వెంకటాచలం టోల్‌గేట్ దగ్గర కాసేపు ఆగితే చాలు, లోపలికి వెళ్లే గాలి బయటి కన్నా బాగా వేడెక్కుతుంది. అప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది; బండి బరువెక్కినట్టు అనిపిస్తుంది. బండి కంప్యూటర్ లెక్కలు చదివే చవక బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌తో ఫోన్‌లో ఇంటేక్ (లోపలికి వెళ్లే గాలి) టెంపరేచర్, టైమింగ్ పక్కపక్కన పెట్టుకుంటే ఇది కళ్లముందే కనబడుతుంది. అందుకే మొదటి పని పైసా ఖర్చు లేనిది: ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము తీయాలి. మామూలు పైపు నీళ్లు చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. తర్వాత టర్బో నుంచి ఇంటేక్ దాకా హోస్ క్లాంపులు బిగించి చూడాలి. ఒక్కటి వదులైనా బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, కారిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సన్నగా ఈలలాంటి శబ్దం వస్తుంటే ముందు అక్కడే వెతకండి.

బానెట్ కింద తెరిచిపెట్టే కోన్ ఫిల్టర్ మాత్రం వద్దే వద్దు. అది పీల్చేది ఇంజన్ పక్కనున్న వేడి గాలినే. కనిగిరి, పొదిలి వైపు దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ఒరిజినల్ పేపర్ ఫిల్టర్‌నే తొందరగా మార్చడం నయం. పెడల్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ శబ్దం తప్ప ఏమీ ఇవ్వదు.

ఆయిల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ఇలాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కితే, స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. అది పిస్టన్‌నే పగలగొట్టగలదు. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (ఈ ప్రమాదాన్ని తగ్గించే ఆయిల్ ప్రమాణం) అని ఉండాలి, గ్రేడ్ మాన్యువల్‌లో చెప్పిందే. 10,000 కిలోమీటర్ల దాకా లాగకుండా 6,000 దగ్గర మార్చడం ఈ ఎండలకి సరైన లెక్క. ఐదో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర పెడల్ అదిమి లారీ దాటబోకండి, నాలుగుకి దించండి. ఈ ఇంజన్‌లో పెట్రోలు ఇంటేక్ వాల్వుల మీద పడదు కాబట్టి వాటిమీద మసి పేరుకుంటుంది. బండి ఆగి ఉండగా ఇంజన్ (ఐడిల్) వణుకుతుంటే ప్లగ్గులతో పాటు దాన్నీ చూపించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే రీమ్యాప్, అంటే శక్తి పెంచేలా ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చడం. ట్యూనర్‌కి మూడు మాటలు ముందే చెప్పాలి: టార్క్ 170 ఎన్‌ఎం దాటొద్దు, 2,000 ఆర్‌పీఎం లోపు పెంచొద్దు, ఫైల్ మామూలు పెట్రోలుకే రాయాలి. ఎక్స్‌పీ95 (ఇండియన్ ఆయిల్ అమ్మే 95 ఆక్టేన్ పెట్రోలు)కి రాయించుకుంటే అది దొరకని ఊళ్లో బండి నాక్ అవుతూ (ఇంజన్ టకటకా కొట్టుకుంటూ) శక్తి తగ్గించుకుంటుంది. ఇలా చేయించిన బండిలో తేడా అసలు తెలిసేది 2,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్యే. టంగుటూరు దాటాక మూడో గేరులో లారీల వరసని ఓవర్‌టేక్ చేసేటప్పుడు హాయిగా ఉంటుంది. పైన పెద్దగా మారదు. అంతకన్నా ఎక్కువ అడిగితే ముందు లొంగేది క్లచ్. నాలుగో గేరులో ఫుల్‌గా తొక్కితే ఆర్‌పీఎం లేచి వేగం రాకపోతే అది జారుతున్నట్టే.

రీమ్యాప్ సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి. ఒరిజినల్ ఫైల్ కాపీ ట్యూనర్ దగ్గర అడిగి తీసుకోండి. సర్వీసులో ఈసీయూ అప్‌డేట్ చేస్తే రీమ్యాప్ చెరిగిపోవచ్చు, కాబట్టి జాబ్‌కార్డు మీద సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దని రాయించండి.