తలలోంచి తీసిన నీటి టెస్ట్: ఏ ప్యానెల్ చేస్తున్నారో ముందే అడగండి

విజయవాడ సూర్యారావుపేటలోని ఈ ల్యాబ్‌కి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానో చెబుతాను.

మెదడులో రక్తస్రావమై నాన్నకు ఆపరేషన్ చేసి, నీరు బయటికి పోవడానికి తలలో ట్యూబు పెట్టారు. తొమ్మిదో రోజు జ్వరం, పిలిస్తే పలకడం లేదు, అప్పటిదాకా తేటగా వచ్చిన నీరు బియ్యం కడిగిన నీళ్లలా అయిపోయింది. కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే టెస్ట్) రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతసేపు ఆగలేం అన్నారు డాక్టర్ గారు. శాంపిల్ ఐస్ డబ్బాలో పెట్టుకుని పరిగెత్తాను. కౌంటర్‌లో అబ్బాయి చూడగానే "కల్చర్‌కి వెళ్లే ఈ నీళ్లు ఐస్‌లో పెట్టకూడదన్నా, కొన్ని క్రిములు చచ్చిపోతాయి" అని బయటికి తీసేశాడు.

మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) ప్యానెల్, అంటే ఒకే శాంపిల్‌లో ఒక లిస్టులోని క్రిములన్నిటినీ ఒకేసారి వెతికే టెస్ట్ చేసి, రిపోర్ట్ గంటన్నరలో ఇచ్చారు. 14 పేర్లు, అన్నిటి ఎదురుగా 'నాట్ డిటెక్టెడ్'. హమ్మయ్య అనుకుని అమ్మకు ఫోన్ చేశాను కూడా. ఇంతలో మైక్రోబయాలజీ మేడమ్ లోపలికి పిలిచారు. "ఆపరేషన్ అయిందని ఫారంలో రాయలేదేం బాబూ? ఇందులో ఉన్నవి న్యూమోకోకస్, హెర్పిస్ లాంటి బయట సోకేవి. ఐసీయూలో ట్యూబులకు పట్టే ఎసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, స్టెఫైలోకాకస్ ఈ లిస్టులోనే లేవు" అన్నారు.

ఆవిడే మా డాక్టర్‌తో మాట్లాడి, మిగిలిన శాంపిల్‌తో ఆసుపత్రి బ్యాక్టీరియాలు, మందులకు లొంగనివ్వని జన్యువులు ఉన్న వేరే ప్యానెల్ చేశారు. సాయంత్రానికి తేలింది, ఎసినెటోబ్యాక్టర్, దాంతోపాటు ఎన్‌డీఎం జన్యువు. అంటే అప్పటిదాకా ఎక్కిస్తున్న మెరోపెనెం దాని మీద పనిచేయదు. ఆ రాత్రే మందు మార్చి కొలిస్టిన్ మొదలుపెట్టారు, ట్యూబు ద్వారా నేరుగా మెదడులోకి కూడా ఇచ్చారు. మూడో రోజు కల్చర్‌లోనూ అదే క్రిమి వచ్చింది. ఏ మందు ఎంత పనిచేస్తుందో తేల్చింది మాత్రం ఆ కల్చరే, కాబట్టి ప్యానెల్ చేయించాం కదా అని కల్చర్ మానకండి. నాన్న నిన్న నన్ను పేరు పెట్టి పిలిచారు.

స్టార్ తగ్గించింది కౌంటర్‌కి. ఆపరేషన్ అయిందా అని ఒక్క మాట అడిగి ఉంటే మొదటి బిల్లూ, సగం రోజూ మిగిలేవి. ఆ సగం రోజు మా నాన్నది, అందుకే నాకు ఇంకా కోపం పోలేదు. మీరు వెళ్తే ఫారం మీద 'తలలో ట్యూబు ఉంది' అని పెద్ద అక్షరాలతో రాయించండి. రాత్రిపూట ముందువైపు షట్టర్ దించేసి ఉంటుంది, పక్క సందులోంచి వెళ్లి బెల్ కొట్టండి, తీస్తారు.