బ్రాడీపేటలో రైటింగ్ క్లాసు: నా ఆరు వారాల అనుభవం

నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. యూకే వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాస్తున్నాను. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లో 7 అడుగుతుంది, రైటింగ్‌లో మాత్రం 6.5 చాలు. నాకు రెండుసార్లూ రైటింగ్ 6 దగ్గరే ఆగిపోయింది. ముందు చేరిన పెద్ద కోచింగ్‌లో వ్యాసాలు బట్టీ పెట్టించారే గానీ నా పేపరు ఎవరూ చదవలేదు. మా వార్డులో సిస్టర్ చెబితే బ్రాడీపేటలో ఒక మేడ మీద నడిచే ఈ చిన్న క్లాసులో చేరాను. ఆరు వారాలకు ఫీజు 4,500.

మొదటిరోజే మాస్టారు నా వ్యాసంలో ‘డ్యూ టు దిస్’ కనిపించిన చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఏడు సున్నాలు. “మనం ‘దీనివల్ల’ అని ఇంకో వాక్యం మొదలుపెడతాం తల్లీ. ఇంగ్లిష్‌లో దాన్ని అదే వాక్యానికి తోకలా తగిలించొచ్చు” అంటూ నా డ్యూటీ గురించి అడిగి బోర్డు మీద రాశారు: ‘ద పేషెంట్ ఈజ్ రెఫ్యూజింగ్ ఫ్లూయిడ్స్, విచ్ మే లీడ్ టు డీహైడ్రేషన్.’ ఇక్కడ ‘విచ్’ అంటే ఫ్లూయిడ్స్ కాదు, పేషెంటూ కాదు. తాగనంటున్న సంగతి మొత్తం. ‘నీళ్లు తాగని పేషెంటు’ అని మనమూ అంటాం, కానీ అది పేషెంటు ఒక్కడికే అంటుకుంటుంది. ఇన్నాళ్లూ ఈ వాక్యం నా చేతికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

తర్వాత రెండు క్లాసులు దీనిమీదే. ‘విచ్’కి ముందు కామా ఉండాలి, దాని బదులు ‘దట్’ పెట్టకూడదు. ‘ద హాస్పిటల్ బాట్ టెన్ వెంటిలేటర్స్, విచ్ మీన్స్’ అనే రాయాలి. వెంటిలేటర్లు పదే అయినా కొనడం ఒక్క పని కదా, అందుకే ‘మీన్’ కాదు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం ‘విల్’, ‘ఈజ్ లైక్లీ టు’, ‘మే’ మధ్య తేడా. నేను అన్నిటికీ ‘విల్’ రాసేదాన్ని. షుగర్ పేషెంటు ఇన్సులిన్ మానేస్తే షుగర్ పెరిగే అవకాశం ఎక్కువ, కాబట్టి ‘ఈజ్ లైక్లీ టు’. ఒక్క డోసు పారాసెటమాల్ మర్చిపోతే జ్వరం మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, అక్కడ ‘మే’. రౌండ్స్‌లో డాక్టరుగారికి చెప్పేటప్పుడు రోజూ పాటించే తేడానే ఇది. వ్యాసంలోకి తేవాలని నాకెవరూ చెప్పలేదు. ఆ ఉత్సాహంలో ప్రతి వాక్యానికీ ‘విచ్’ తగిలిస్తే మాస్టారు సగం కొట్టేసి, వ్యాసానికి రెండు చాలన్నారు.

లోపాలూ ఉన్నాయి. చార్టు చూసి 150 పదాలు రాసే మొదటి టాస్క్‌కి ఒక్క క్లాసుతో సరిపెట్టారు. దిద్దిన పేపరు చేతికి రావడానికి నాలుగు రోజులు పడుతుంది. నైట్ డ్యూటీ వల్ల క్లాసు పోతే రికార్డింగ్ ఉండదు, నాకు రెండు క్లాసులు అలాగే పోయాయి.

మూడోసారి రైటింగ్‌లో 6.5 వచ్చింది. చేరాలనుకునేవాళ్లు మీరు ఇంతకుముందు రాసిన వ్యాసం ఒకటి, దిద్దనిదే, వెంట తీసుకెళ్లండి. మాస్టారు పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతారు.