టిక్కుమనగానే వేడెక్కే ప్యాడ్: నాలుగు చలికాలాల తర్వాత

మా ఇంట్లో దీన్ని హీట్ ప్యాడ్ అని ఎవరూ అనరు. "టిక్కు" అంటారు. లోపల తేలుతుండే చిన్న రేకు బిళ్లను వేళ్లతో వంచగానే ఆ శబ్దం వస్తుంది. బిళ్ల చుట్టూ తెల్లగా ముగ్గు విచ్చుకున్నట్టు మొదలై, చూస్తుండగానే ప్యాడ్ అంతా పాకుతుంది. ప్లగ్గు లేదు, మంట లేదు, అప్పటిదాకా నీళ్లలా ఉన్నది చేతిలోనే గడ్డకట్టి చుర్రుమంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నా నాకింకా మోజు తీరలేదు.

కొన్నది అమ్మ మోకాళ్ల కోసం, చిన్నదొకటి, పెద్దదొకటి. ఆదిలాబాద్ చలి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అంతకుముందు పెనం మీద ఉప్పు వేయించి, మూటగట్టి కాపడం పెట్టేదాన్ని. ఇందులో ఉన్నదీ ఒక ఉప్పే, సోడియం ఎసిటేట్. 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చల్లారాక మాత్రం గడ్డకట్టడం మర్చిపోయినట్టు ద్రవంగానే ఉండిపోతుంది. టిక్కుమనిపించి గుర్తుచేస్తే, కరిగేటప్పుడు పొయ్యి దగ్గర తీసుకున్న వేడిని తిరిగిచ్చేస్తుంది. పదో తరగతి చదివే మావాడు దీన్ని రసాయన చర్య అంటే ఒప్పుకోడు. "అమ్మా, పొడిసున్నంలో నీళ్లు పోస్తే అది ఉష్ణమోచక చర్య. ఇది గడ్డకట్టిందంతే" అంటాడు. వాడన్నదీ నిజమే. మళ్లీ మరిగించుకుని వాడుకోగలుగుతున్నది అందుకే. తడిపిన సున్నాన్ని అలా వెనక్కి తేలేం కదా.

ఈ ప్యాడ్ వల్లే వాణ్ని అన్యాయంగా తిట్టాను. మూడో చలికాలంలో ఒక రాత్రి, మరిగించిన ప్యాడ్‌ని బీరువాలో పెట్టి పడుకున్నాను. తెల్లారి అయిదింటికి తీస్తే ఇటుకలా బిగుసుకుని, చల్లగా ఉంది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. టిక్కు సరదా మావాడికే ఎక్కువ కాబట్టి దొంగ దొరికాడనుకున్నాను. "నేను ముట్టుకోలేదమ్మా" అని ఏడ్చినంత పని చేశాడు, నేను వింటేగా.

నాలుగో రాత్రి ప్యాడ్‌ని గిన్నెలోంచి తీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే, అంచు అతుకు దగ్గర నూకగింజంత తెల్లటి పలుకు కనిపించింది. మా గిన్నె చిన్నది. ప్యాడ్‌ని మడిచి పెడుతుంటే ఆ మూల నీళ్ల పైకి తేలిపోతోంది. కరగని పలుకు ఒక్కటి మిగిలినా చాలు, చల్లారేటప్పుడు దాన్ని పట్టుకుని మిగతాదంతా గడ్డకడుతుంది, పాలకు తోడు చుక్క పడ్డట్టే. అమ్మ మోకాళ్లకు అందాల్సిన వేడి మూడు రాత్రులు బీరువాలో చీరలకు అందిందన్నమాట.

అప్పటినుంచి పెద్ద గిన్నె, అడుగున పాత బట్ట (లేకపోతే ప్లాస్టిక్ అడుగంటుతుంది), మధ్యలో రెండుసార్లు తిప్పడం. డబ్బా మీద పది నిమిషాలని ఉంది కానీ నేను ఇరవై మరిగిస్తాను. మావాడితో మిర్చి బజ్జీల దగ్గర రాజీ కుదిరింది.

చుర్రుమంటుందని పైన మురిసిపోయాను గానీ, అది ఎంతసేపన్నది వేరే సంగతి. మార్చిలో ముప్పావుగంట ఉండే వేడి జనవరి తెల్లవారుజామున పాతిక నిమిషాలకే దిగిపోతుంది. అంతే వేడెక్కుతుంది, కాకపోతే చల్లబడి ఉన్న ప్యాడ్ ముందు తనను తాను వేడి చేసుకోవడానికే చాలా ఖర్చుపెట్టేస్తుంది. అవసరం ఎక్కువున్న రోజే తక్కువ ఇస్తుంది. చికాగోలో ఉన్న తమ్ముడు "అక్కా, ఇనుప పొడి ప్యాకెట్లు పంపిస్తా, గాలి తగిలితే గంటల తరబడి వెచ్చగా ఉంటాయి" అన్నాడు. అవి తుప్పు పట్టే వేడితో పనిచేస్తాయి, మావాడు కూడా ఒప్పుకునే చర్య. కానీ ఒక్కసారికే. రోజుకొకటి చెత్తబుట్టలో పడేయడానికి నాకు మనసొప్పలేదు.

కొనమంటానా? నేను ఎలాగూ అయిదింటికే లేస్తాను, పొయ్యి మీద గిన్నె పెట్టడం నాకు పని కాదు, అమ్మకు పాతిక నిమిషాలు సరిపోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకైతే వేడినీళ్ల రబ్బరు సంచే నయమేమో. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి తువ్వాలు చుట్టకుండా ఇవ్వను, పాదాల దగ్గర అసలు పెట్టనివ్వను. రెండిట్లో చిన్న ప్యాడ్ ఈమధ్య ఎంత మరిగించినా అడుగున కాస్త తెల్లగా మిగులుతోంది, ప్లాస్టిక్ గుండా లోపలి నీరు కొంత పోయినట్టుంది. పెద్దది మాత్రం ఇంకా టిక్కుమంటూనే ఉంది.